నిర్దోషి అన్నాక మరో శిక్షా?

1967 అక్టోబరు 31న శ్రీకాకుళం ఏజెన్సీలోని మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. కేసు కోర్టుకెక్కింది. మరుసటి ఏడాది నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. గిరిజనులు కోర్టుల మీద ఆశ వదులుకుని కొండల్లోకి వెళ్లడానికి ఆ తీర్పు ఒక ముఖ్య కారణమని శ్రీకాకుళ పోరాటం గురించి రాసినవాళ్లలో చాలామంది అంటారు.

2005 ఏప్రిల్. లండన్‌లో ‘రైసిన్ కుట్ర’ కేసు తీర్పు. ఆముదపు గింజల నుంచి తీసే విషంతో జనాన్ని చంపడానికి కుట్ర పన్నారని అల్జీరియా వాళ్ల మీద పెట్టిన కేసు అది. ఇరాక్ యుద్ధానికి ముందు, 2003 ఫిబ్రవరిలో, అమెరికా విదేశాంగ మంత్రి కాలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో చేసిన ప్రసంగంలో కూడా ఈ ముఠా ప్రస్తావన ఉంది. విచారణలో తేలింది వేరు. సోదా చేసిన ఫ్లాట్‌లో రైసిన్ అసలు దొరకలేదు. ఒక్కడికి మాత్రం శిక్ష పడింది. అంతకుముందే ఒక పోలీసు అధికారిని హత్య చేసిన కేసులో యావజ్జీవ శిక్ష పడినవాడు అతను. నలుగురిని జ్యూరీ నిర్దోషులంది. మరో నలుగురి మీద జరగాల్సిన రెండో విచారణను ప్రభుత్వమే మానుకుంది.

ఈ రెండు విడుదలల తర్వాత జరిగిన కథలు పక్కపక్కన పెట్టి చదవాల్సినవి. లేవిడి నిందితుల విషయంలో తీర్పుతో కథ అయిపోయింది. వాళ్లకు ఏ షావుకారుతో పొత్తు, ఎవరింట్లో కూర్చుని ఏం మాట్లాడుకున్నారు, ఎవరి జీతం తీసుకున్నారు అని ఏ అధికారీ మళ్లీ అడగలేదు. ఏజెన్సీ విడిచి వెళ్లమని ఏ కలెక్టరూ ఉత్తర్వు ఇవ్వలేదు. లండన్ నిందితులకు మాత్రం అసలు కథ తీర్పు తర్వాతే మొదలైంది. ఆ జులై 7న లండన్ రైళ్లలో, బస్సులో బాంబులు పేలాయి. ఆ పేలుళ్లతో వీళ్లకు సంబంధం ఉందని ఎవరూ అనలేదు. అయినా సెప్టెంబరులో వీళ్లలో కొందరిని మళ్లీ పట్టుకున్నారు. నేరారోపణ ఏమీ లేదు. వీళ్లు దేశంలో ఉండటం ప్రజాహితం కాదు, వీళ్ల సంబంధాలు మంచివి కావు, అల్జీరియాకు పంపేస్తాం అన్నారు. నిర్దోషులని తీర్పు చెప్పిన జ్యూరీ సభ్యుల్లోనే కొందరు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. నెలల తరబడి సాక్ష్యం విన్నది తామే కదా అన్నది వాళ్ల బాధ.

లేవిడి నిందితులను కూడా వెళ్లగొట్టి ఉండాల్సిందని నేను అనను. ఆ తీర్పు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. కానీ దానికి మందు పై కోర్టులో అప్పీలు, మెరుగైన దర్యాప్తు, గిరిజన సాక్షికి రక్షణ. వెళ్లగొట్టే అధికారం దానికి మందు కాదు. నన్ను తొలిచే ప్రశ్న వేరే. విడుదలైనవాడి స్నేహాలను తవ్వాలనే ఆలోచన ప్రభుత్వాలకు కొందరి విషయంలోనే ఎందుకు వస్తుంది?

జవాబు కోసం పార్వతీపురం కుట్ర కేసు దగ్గరికి రావాలి. పార్వతీపురం అప్పుడు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, పార్వతీపురం మన్యం జిల్లా 2022లో. చింతపండుకు, అటవీ ఫలసాయానికి న్యాయమైన ధర రావాలి, తాకట్టు భూములు తిరిగి ఇవ్వాలి, పాలేర్ల కూలి పెంచాలి అని మొదలైంది గిరిజన సంఘం. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. 1970 నాటికి వందమందికి పైగా నిందితులతో ఒకే కుట్ర కేసు తయారైంది. అందులో నక్సల్బరీకి చెందిన కానూ సన్యాల్ ఉన్నాడు, సరిహద్దు అవతల గుణుపురం వకీలు నాగభూషణ పట్నాయక్ ఉన్నాడు, వాళ్ల ముఖం ఎన్నడూ చూడని కొండ మనుషులూ ఉన్నారు. అందరినీ ఒక్క తాడుకు కట్టింది భారత సాక్ష్య చట్టం 10వ సెక్షను. ఉమ్మడి కుట్ర ఉందని నమ్మడానికి తగిన ఆధారం చూపిస్తే చాలు, ఆ కుట్ర విషయంలో ఒకడు అన్నమాట, రాసిన ఉత్తరం, చేసిన పని మిగతావాళ్ల మీద కూడా సాక్ష్యమే. ఈ నియమమే ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 8వ సెక్షనుగా కొనసాగుతోంది.

కుట్ర కేసులో సంబంధాలే సరుకు. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరు ఎవరి చీటీ మోశారు, ఏ రాత్రి ఏ గుడిసెలో ఎందరు పడుకున్నారు అనే వాటితోనే చార్జిషీటు నిండుతుంది. పార్వతీపురం కేసు తీర్పు 1976లో వచ్చింది. కొందరికి యావజ్జీవ శిక్ష పడింది, మరికొందరు నిర్దోషులుగా తేలారు. ఆ కేసును ఎంత విమర్శించినా ఒక్కటి ఒప్పుకోవాలి. సంబంధాల సాక్ష్యం అక్కడ బహిరంగంగా పెట్టారు. వకీళ్లు దాన్ని ప్రశ్నించారు. సాక్షిని బోనెక్కించి క్రాస్ చేశారు. అదే కాలపు హైదరాబాద్ కుట్ర కేసులో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలం ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమై ఇంటింటికీ చేరింది. ఆరోపణను నలుగురి ముందు పెడితే జవాబు కూడా నలుగురి ముందే వస్తుంది.

ఆ కోర్టు గుమ్మం దాకా రానివాళ్లూ ఉన్నారు. శ్రీకాకుళ పోరాట నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జులై 10న ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. ఆ పోరాట కవి సుబ్బారావు పాణిగ్రాహి అంతకు కొద్ది నెలల ముందు, 1969 డిసెంబరులో పోయాడు. వాళ్లు దోషులో నిర్దోషులో ఏ న్యాయమూర్తీ చెప్పలేదు. లండన్‌తో పోలిస్తే ఇక్కడే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దేశం నుంచి పంపేయడం అనేది, చంపడానికీ విచారణ లేకుండా ఏళ్లపాటు జైల్లో ఉంచడానికీ వీల్లేని చోట ప్రభుత్వం వెతుక్కునే దారి. 1970ల శ్రీకాకుళంలో ప్రభుత్వానికి ఆ ఇబ్బంది లేకపోయింది. కల్లోలిత ప్రాంత చట్టం ఉంది, ముందస్తు నిర్బంధ చట్టం ఉంది, 1971 నుంచి అంతర్గత భద్రతా నిర్వహణ చట్టం (మీసా) ఉంది. ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని కోర్టులో సవాలు చేసే హక్కు కూడా లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టే చెప్పింది. పౌరుణ్ణి విమానం ఎక్కించలేరు కాబట్టి జైలు గేటు దగ్గర మళ్లీ పట్టుకునేవారు. విమానం మెట్లకూ జైలు గేటుకూ మధ్య మనం అనుకునేంత దూరం లేదు.

వెళ్లగొట్టడం మన గడ్డకు కొత్త కూడా కాదు. 1793లో ఈస్టిండియా కంపెనీ విజయనగరం సంస్థానాన్ని స్వాధీనం చేసుకుని, చిన విజయరామరాజును నెలకు 1,200 రూపాయల భత్యం మీద మచిలీపట్నం వెళ్లి ఉండమంది. ఆయన వెళ్లలేదు. 1794 జులై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో యుద్ధంలో ప్రాణం వదిలాడు. (వెంపటాపు, ఆదిభట్ల పోయిన తేదీతో కలవడం యాదృచ్ఛికమే.) ఆయన మీద ఏ నేరమూ రుజువు కాలేదు. ఆయన ఉన్నచోట ఉంటే జనం ఆయన చుట్టూ చేరతారన్నదే కంపెనీ భయం.

ఇక చట్టాల పోలిక. దేశ భద్రత పేరుతో విదేశీయులను పంపేసే వ్యవహారానికి బ్రిటన్‌లో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉంది. అది పుట్టిన కథలో మన దేశమూ ఒక పాత్రే. చాహల్ అనే సిక్కు నాయకుణ్ణి 1985లో రాజీవ్ గాంధీ హత్యకు కుట్ర పన్నాడనే అనుమానంతో అక్కడ అరెస్టు చేసి, సాక్ష్యం లేక వదిలేశారు. తర్వాత ఒక గురుద్వారా గొడవలో పడిన శిక్షను కూడా 1992లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అప్పటికే, 1990 ఆగస్టు నుంచి, భారతదేశానికి పంపేస్తామంటూ ఆయన్ను జైల్లో పెట్టి ఉంచారు. అలా ఆరేళ్లు గడిచాయి. పంజాబ్ పోలీసుల చేతిలో హింసకు గురయ్యే ప్రమాదం ఉందని, పంపకూడదని 1996 నవంబరు 15న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. మన దేశం పేరు అక్కడ ఆ సందర్భంలో వినబడటం నాకు సిగ్గుగా ఉంటుంది. ఆ తీర్పు తర్వాతే 1997లో కొత్త ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. రహస్య సాక్ష్యం చూడటానికి ప్రభుత్వం ఒక ప్రత్యేక వకీలును పెడుతుంది. ఆ వకీలు రహస్యం చూశాక తాను ఎవరి తరఫున నిలబడ్డాడో ఆ మనిషితో దాని గురించి మాట్లాడకూడదు.

మన రాజ్యాంగం 22వ అధికరణం కింద, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాడికి కారణాలు రాసి ఇవ్వాలి. కొన్ని వాస్తవాలను ప్రజాహితం పేరుతో దాచుకోవచ్చు. సలహా మండలి ముందు తన తరఫున వకీలును పెట్టుకునే హక్కు మాత్రం అతనికి లేదు. అక్కడ వకీలును ఇచ్చి కారణాలు దాస్తారు. ఇక్కడ కారణాలు ఇచ్చి వకీలును దూరం పెడతారు. రెండు దేశాలూ న్యాయాన్ని చెరో సగమే ఇచ్చాయి. రెండింట్లో ఏది తక్కువ చెడ్డదని అడిగితే మనదే అంటాను, కొంత సంకోచంతో. ఏ ఆరోపణో తెలిసినవాడు కనీసం చదువుకున్న కొడుకు చేత అర్జీ అయినా రాయించుకోగలడు. ఏ ఆరోపణో తెలియనివాడు తన జీవితమంతా గుర్తుచేసుకుంటూ, ఏ స్నేహితుడి వల్ల ఈ గతి పట్టిందో ఊహించుకుంటూ కూర్చోవాలి.

విదేశీయుల విషయానికొస్తే మన చట్టం బ్రిటన్ కంటే కఠినం. 1946 విదేశీయుల చట్టం కింద వెళ్లగొట్టే అధికారానికి హద్దు లేదని 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025లో ఆ పాత చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చినా అధికారం అధికారంగానే ఉంది. ఇది మనకు తగిలే విషయం కాదని ఉత్తరాంధ్రలో ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇచ్ఛాపురం, సోంపేట, ఉద్దానం ఊళ్ల నుంచి గల్ఫ్‌కు, సింగపూర్‌కు పనికి పోయిన కుర్రాళ్లందరూ అక్కడ విదేశీయులే. ఒకే గదిలో పదిమంది పడుకునే లేబర్ క్యాంపులో పక్క మంచంవాడి మీద కేసు పడితే, ఆ గదిలో మిగతావాళ్లు అతని ‘సంబంధీకులు’ అవుతారు. 2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా దగ్గర వాళ్లను అప్పగించింది. వాళ్లకు తిరిగి పంపడం అంటే ఇల్లు చేరడం. రైసిన్ కేసులో విడుదలైనవాళ్లకు తిరిగి పంపడం అంటే తాము విడిచి వచ్చిన చోట హింసకు గురయ్యే ప్రమాదంలోకి చేరడం.

ఆ లండన్ వాళ్లు ఏమయ్యారు? ఒకరి వల్ల దేశ భద్రతకు ప్రమాదమేమీ లేదని 2007లో ఆ ట్రిబ్యునలే తేల్చింది. మరొకరి వ్యవహారం సాగి సాగి, అల్జీరియాకు పంపితే హింసించే ప్రమాదం ఉందని 2016 ఏప్రిల్‌లో ముగిసింది. జ్యూరీ నిర్దోషి అన్న పదకొండేళ్లకు! మనకూ ఈ లెక్క కొత్త కాదు. విప్లవ రచయితలు తదితరుల మీద సికింద్రాబాద్ కుట్ర కేసు 1974లో పెట్టి 1989లో కొట్టేశారు. పదిహేనేళ్లు. కాకపోతే మన ఏళ్లు తీర్పు రావడానికి పట్టినవి, వాళ్ల ఏళ్లు తీర్పు వచ్చాక పోయినవి.

ఎదుటి వాదన కూడా బలమైనదే, దాన్ని పక్కన పెట్టకూడదు. నిర్దోషి అని తీర్పు వచ్చినంత మాత్రాన అతను ఏమీ చేయలేదని కాదు, సాక్ష్యం సరిపోలేదని మాత్రమే. ఇంటెలిజెన్స్ వాళ్లకు తెలిసినదంతా కోర్టులో పెట్టలేరు. ఒక్కడు తప్పించుకుంటే వందమంది చావొచ్చు. ఈ వాదన చేసేవాళ్లు తరచూ చూపే ఉదాహరణ 2009లో మాంచెస్టర్‌లో పట్టుబడ్డ ఒక పాకిస్తానీ విద్యార్థిది. అతని మీద బ్రిటన్ కేసు పెట్టలేకపోయింది. 2010లో ట్రిబ్యునల్ అతన్ని అల్ ఖైదా మనిషే అంది. కానీ పాకిస్తాన్‌లో హింసిస్తారు కాబట్టి పంపడానికి వీల్లేదంది. ఈ ఉదాహరణను చివరిదాకా చదవాలి. 2013లో అతన్ని అమెరికాకు అప్పగించారు. 2015లో బ్రూక్లిన్ కోర్టులో, జ్యూరీ ముందు, బహిరంగ సాక్ష్యంతో నేరం రుజువై, 40 ఏళ్ల శిక్ష పడింది. రహస్య ట్రిబ్యునల్ చేయలేకపోయిన పనిని బహిరంగ విచారణ చేసింది. దేశం దాటించి ఉంటే ఆ మనిషి ఏ దేశంలో ఏం చేసేవాడో ఎవరికీ తెలిసేది కాదు. ప్రమాదకరమైన మనిషిని పొరుగువాడి గుమ్మంలోకి నెట్టడం ఎవరికి భద్రత?

పైగా సంబంధం అనేదే నేరమైన చోట, దాన్ని నేరంగానే విచారించడానికి చట్టం ఉంది. చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం (ఉపా) 10, 20, 38, 39 సెక్షన్లు నిషిద్ధ సంస్థలో, ఉగ్రవాద ముఠాలో సభ్యత్వాన్నీ, వాటికి మద్దతివ్వడాన్నీ శిక్షార్హం చేశాయి. హింసకు పాల్పడనిదే ఊరికే సభ్యుడిగా ఉండటం నేరం కాదని 2011లో అరూప్ భుయాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 మార్చి 24న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి ఆ మాటను తిరగ్గొట్టి, నిషిద్ధ సంస్థలో సభ్యత్వం ఒక్కటే నేరమంది. నాకు మొదటి తీర్పే సరైందిగా కనిపిస్తుంది. గిరిజన గ్రామంలో ఎవరు సభ్యుడు, ఎవరు అన్నలకు భయపడి బియ్యం పోసినవాడు అని తేల్చడం బెంచి మీద కూర్చున్నవాళ్లకు కూడా కష్టమే. అయినా, రెండో తీర్పును అంగీకరించినా, సభ్యత్వాన్ని కోర్టులో రుజువు చేయాలి. అంత కఠినమైన చట్టం కింద కూడా రుజువు కానిది ‘పరిచయం’ అనే పేరుతో మళ్లీ శిక్షకు ఎలా పనికొస్తుంది?

హైదరాబాద్ అనుభవం ఇంకో వైపు నుంచి ఇదే చెబుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీ యువకులను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. తర్వాత వాళ్లు నిర్దోషులుగా తేలారు. కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం నిర్దోషులైన 20 మందికి 3 లక్షల చొప్పున, ప్రశ్నించి వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. నడవడిక మంచిదని ధ్రువపత్రాలూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది. విడుదలైనవాడికి నష్టపరిహారం అడిగే హక్కు స్పష్టంగా లేకపోవడం ఒక లోటు. కానీ కోర్టు నిర్దోషి అన్నాక మళ్లీ ప్రభుత్వం ‘మంచివాడు’ అని కాగితం రాసి ఇవ్వాల్సి రావడం నాకు అంతకంటే పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఆ కాగితం లేకపోతే తీర్పుకు విలువ లేదని ఊరంతా అనుకుంటోందన్నమాట. మావోయిస్టు సంబంధాల కేసులో శిక్ష పడిన అధ్యాపకుడు, అమలాపురంలో పుట్టిన జి.ఎన్. సాయిబాబా కథ అందరికీ తెలుసు. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు నిర్దోషి అంది. మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. 2024 మార్చి 5న మళ్లీ నిర్దోషి అని తీర్పు వచ్చింది. ఉద్యోగం తిరిగి రాలేదు. ఆ అక్టోబరు 12న హైదరాబాద్‌లో చనిపోయాడు. ఆయన్ను ఏ దేశం నుంచీ వెళ్లగొట్టలేదు. ఆయన బతుకు నుంచే వెళ్లగొట్టారు.

విచారణే లేకుండా పౌరుణ్ణి ఊరి నుంచి పంపడమూ మనం చూశాం. 2018 జులైలో సినీ విమర్శకుడు కత్తి మహేశ్‌ను, వెంటనే పరిపూర్ణానంద స్వామిని హైదరాబాద్ నుంచి ఆరు నెలలు బహిష్కరించారు. ఒకరు ఒక పక్షం, ఇంకొకరు దానికి పూర్తిగా ఎదురు పక్షం. అది ఉగ్రవాదపు మాట కాదు. కానీ ఆ అధికారం ఎవరి మీదికైనా తిరగగలదని ఆ రెండు ఉత్తర్వులూ ఒకే వారంలో చూపించాయి. ఒక పక్షంవాళ్లు మొదటిదానికి చప్పట్లు కొట్టి రెండోదానికి ధర్నా చేశారు, ఇంకో పక్షంవాళ్లు తిరగేసి చేశారు. రెండింటినీ తప్పన్నవాళ్లు చాలా కొద్దిమంది.

అందుకే నా తీర్పు రెండు వైపులా ఒకటే. లేవిడి భూస్వామి మనిషికైనా, రైసిన్ కేసు అల్జీరియన్‌కైనా, పాతబస్తీ కుర్రాడికైనా నిర్దోషి అన్న మాటకు ఒకే విలువ ఉండాలి. అదే ఆరోపణను, అవే స్నేహాలను కొత్త పేరుతో మరో గదిలో తిరిగి విచారించకూడదు. కొత్త సాక్ష్యం దొరికితే కొత్త చార్జిషీటు వేయాలి, దాన్ని నిందితుడి చేతికి ఇవ్వాలి. వీసా ముగిసిన విదేశీయుణ్ణి వీసా చట్టం కింద పంపడం వేరు. నిర్దోషిని అతని స్నేహితుల జాబితా చూపించి పంపడం వేరు.

2025 మే నెలలో విజయనగరంలో ఒక యువకుణ్ణి, హైదరాబాద్‌లో మరొకరిని పేలుళ్ల కుట్ర ఆరోపణతో అరెస్టు చేశారు. కేసు ఎన్ఐఏ చేతికి వెళ్లింది. వాళ్లు దోషులో కాదో కోర్టు చెప్పాలి, నేను చెప్పను. విజయనగరం, శ్రీకాకుళం వకీళ్లనూ, పత్రికలవాళ్లనూ, ఆ వీధుల్లో ఉండే ఇరుగుపొరుగునూ ఒక్కటి అడుగుతున్నాను. రుజువైతే శిక్షను సమర్థించండి. రుజువు కాకపోతే వాళ్లు తిరిగి వచ్చినప్పుడు అద్దెకు ఇల్లు ఇవ్వండి, పని ఇవ్వండి. వాళ్లతో కలిసి చదువుకున్నవాళ్లను, ఒకే మసీదులో నమాజు చేసినవాళ్లను పోలీస్ స్టేషన్‌కు రోజూ పిలిస్తే, ఎందుకని లిఖితపూర్వకంగా అడగండి.